పడబోయి నిలదొక్కుకోవడమే నడక

(ఒక పట్టణ గ్రంథాలయంలో ఆదివారం ఉదయం జరిగిన ప్రసంగానికి అక్షర రూపం. వక్త చాలా ఏళ్లుగా రెండు కాళ్ల రోబోల మీద పనిచేస్తున్న ఇంజినీరు. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నల్లో రెండింటిని కూడా ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లల్లో ఇద్దరు ఇటు రండి. భయపడకండి, లెక్కలు అడగను. ఈ గోడ పక్కన నిలబడండి. కుడి భుజం గోడకు ఆనాలి. కుడి పాదం అంచు కూడా గోడకు తగలాలి. ఆఁ, అలాగే. ఇప్పుడు ఎడమ కాలు పైకెత్తి, ఐదు లెక్కపెట్టేదాకా అలాగే ఉండండి.

(పిల్లలు ప్రయత్నిస్తారు.)

రాలేదు కదా. మళ్లీ చేసినా రాదు. మీ కాళ్లలో బలం లేదని కాదు, ఈ హాల్లో ఎవరు వచ్చి చేసినా ఇంతే. ఇప్పుడు గోడకు కాస్త దూరంగా జరిగి అదే పని చేయండి. చూశారా, హాయిగా నిలబడ్డారు. కాలెత్తే ముందు మీ నడుము ఎటు కదిలిందో గమనించారా? కుడి పక్కకు జరిగింది. అలా జరగమని ఎవరూ చెప్పలేదు, మీరూ అనుకోలేదు. ఎడమ కాలు లేవాలంటే ముందు ఒంటి బరువు కుడి పాదం మీదికి చేరాలి. ఇందాక గోడ అడ్డం వచ్చింది కాబట్టి బరువు జరగలేదు, కాలు లేవలేదు. థాంక్యూ, వెళ్లి కూర్చోండి.

ఏడాది వయసులో నేర్చుకుని, ఇక జన్మంతా తలచుకోకుండా చేసే పని ఇది. మరమనిషికి దీన్ని నేర్పడానికి ఇంజినీర్లు యాభై ఏళ్లుగా కష్టపడుతున్నారు. నా వయసులో సగం కూడా దాని మీదే గడిచింది. అందుకే ఇవాళ రోబోల తెలివి గురించి, ఉద్యోగాలు పోవడం గురించి మాట్లాడను. అవి నిలబడటం గురించి, నడవడం గురించి మాత్రమే మాట్లాడతాను.

1973లో జపాన్‌లోని వసేదా విశ్వవిద్యాలయంలో ఇచిరో కాటో బృందం వాబోట్-1 అనే రోబోను చేసింది. మనిషి ఆకారంలో, మనిషంత పరిమాణంలో వచ్చిన తొలి యంత్రంగా దాన్నే చెబుతారు. ఒక్క అడుగుకు దాదాపు 45 సెకన్లు పట్టేది. ఎందుకంత ఆలస్యం? ఇందాక మీరు గోడకు దూరంగా చేసిన పనినే అది చాలా జాగ్రత్తగా చేసేది. బరువంతా ఒక పాదం మీదికి తెచ్చి, అక్కడ కుదురుకుని, అప్పుడు రెండో కాలు కదిపేది. ఏ క్షణంలో ఆపేసినా విగ్రహంలా నిలబడే ఉండాలన్నది దాని నియమం. దీన్ని స్థిర నడక అంటారు. 1980ల మధ్యకు వచ్చేసరికి అదే బృందం ఒక్కో అడుగును 1.3 సెకన్లకు తేగలిగింది. అయితే అందుకు ఆ నియమాన్ని వదులుకోవాల్సి వచ్చింది.

మనం ఆ నియమం పాటించం. నడిచే మనిషిని అడుగు మధ్యలో శిలగా మార్చేస్తే బోర్లా పడతాడు. ఒళ్లు ముందుకు పడబోతూ ఉంటుంది, ఆ పడటం పూర్తయ్యేలోపు ఒక పాదం వచ్చి ముందు దిగుతుంది. మళ్లీ పడబోతాం, మళ్లీ పాదం వస్తుంది. పడబోయి నిలదొక్కుకోవడం, అదే నడక. పిల్లలు తప్పటడుగులు వేసేటప్పుడు ఇది కంటికి కనిపిస్తుంది. పెద్దయ్యాక కనిపించదు, కానీ జరిగేది అదే.

ఇప్పుడు పడటం అంటే ఏమిటో కొంచెం లెక్కతో చూద్దాం. అరచేతిలో పొడవాటి కర్రను నిలబెట్టి ఆడటం మీరంతా చిన్నప్పుడు చేసే ఉంటారు. కర్ర ఎటు ఒరిగితే అటు చెయ్యి పరుగెత్తాలి. నిలబడ్డ రోబో కూడా అలాంటి కర్రే, తలకిందులుగా పెట్టిన లోలకం. మనిషంత రోబోకు గరిమనాభి, అంటే బరువంతా పోగై ఉందని లెక్కవేసుకునే చోటు, నేల నుంచి దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుందనుకుందాం. అది కాలిమడమ మీద నుంచి ఒక్క సెంటీమీటరు ముందుకు ఒరిగింది, మనం ఏమీ చేయలేదు. 0.3 సెకన్లకు ఆ ఒక్కటి ఒకటిన్నర సెంటీమీటర్లు అవుతుంది. 0.6 సెకన్లకు దాదాపు నాలుగు, 0.9కి పది, 1.2 సెకన్లకు 26 సెంటీమీటర్లు. అప్పటికి పాదం పొడవు దాటిపోయింది. ఇక పడిపోవడమే.

వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చినవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. ఇది చక్రవడ్డీ. ఒరుగు ఎంత ఉంటే అంత వేగంగా పెరుగుతుంది, పెరిగినదాని మీద మళ్లీ పెరుగుతుంది. అప్పు ఒక్క సెంటీమీటరు ఉన్నప్పుడు తీర్చాలంటే వేలి ఒత్తిడి చాలు. పది సెంటీమీటర్లయ్యాక తీర్చాలంటే ఒళ్లంతా ఊపాలి. నా ఉద్యోగంలో నేను చేసేదంతా ఈ వడ్డీ పెరగక ముందే అప్పు తీర్చే దారులు వెతకడం.

ఎత్తు తగ్గినకొద్దీ వడ్డీ రేటు పెరుగుతుంది. పొడుగు కర్రను అరచేతిలో నిలబెట్టగలం గాని పెన్సిలును నిలబెట్టలేం, మన కన్నూ చెయ్యీ అందుకునేలోపే పడిపోతుంది. బొమ్మంత చిన్న రోబోను నడిపించడం తేలికని కాలేజీ పిల్లలు అనుకుంటారు. పడితే దెబ్బ తక్కువ, అంతవరకు నిజం. స్పందించడానికి దొరికే సమయం కూడా తక్కువే. మన ఊళ్లలో దొమ్మరి ఆటలో తాడు మీద నడిచే అమ్మాయి చేతుల్లో అంత పొడుగు వెదురు గడ ఎందుకు పట్టుకుంటుందో ఇప్పుడు ఆలోచించండి. బరువు అంత దూరం దాకా పరుచుకుని ఉంటే ఒళ్లు ఒరగడం నెమ్మదిస్తుంది. దొరికిన ఆ కాస్త వ్యవధిలో ఆమె సరిచేసుకుంటుంది. వడ్డీ రేటు తగ్గించే ఉపాయం అది. పుస్తకం చదివి కాదు, తరతరాలుగా ఒంటితో నేర్చుకున్న ఉపాయం.

కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసే రోబో చేతిని మీరు వీడియోల్లో చూసే ఉంటారు. అది ఎంత వేగంగా చెయ్యి విసిరినా పడదు, ఎందుకంటే దాన్ని బోల్టులతో నేలకు బిగించి ఉంచారు. నడిచే రోబో పాదానికి బోల్టుల్లేవు. పాదం నేలను కిందికి నొక్కగలదు, రాపిడి ఉన్నంత వరకు పక్కకు నెట్టగలదు. నేలను పట్టుకుని పైకి లాగలేదు. నాకు తెలిసి రెండు కాళ్ల రోబోల కష్టమంతా ఈ ఒక్క మాటలో ఉంది. మోకాలికి మోటారుంది, తుంటికి మోటారుంది, చీలమండకు మోటారుంది. పాదానికీ నేలకూ మధ్య మాత్రం ఏ మోటారూ లేదు.

ఈ విషయాన్ని లెక్కలోకి తెచ్చినవాడు బెల్‌గ్రేడ్‌లోని మిహాయిలో పూపిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన మియోమిర్ వుకోబ్రాతొవిచ్. అప్పుడది యుగోస్లావియా. 1968 ప్రాంతంలో ఆయన చెప్పిన ఆలోచనకే తర్వాత జీరో మొమెంట్ పాయింట్ అని పేరు పడింది. మేం పొట్టిగా జడ్‌ఎంపీ అంటాం. పేరు చూసి కంగారు పడొద్దు. ఒకసారి అందరూ లేచి నిలబడండి. కళ్లు మూసుకుని పాదాల కింద ఒత్తిడి ఎక్కడుందో గమనించండి. ఇప్పుడు నడుము వంచకుండా కొద్దిగా ముందుకు ఒరగండి. ఒత్తిడి మడమల నుంచి వేళ్ల వైపు జరిగింది కదా. ఇంకొంచెం ఒరగండి. వేళ్ల చివరకు వచ్చింది, మడమలు లేవబోతున్నాయి. ఇక కూర్చోండి. అలా తిరిగిన ఒత్తిడికి ఒక కేంద్రం ఉంటుంది. అది పాదం లోపల ఉన్నంతసేపు పాదం నేలకు అతుక్కుని ఉంటుంది. అంచుకు చేరిందా, పాదం ఆ అంచు మీద తలుపులా తిరగడం మొదలుపెడుతుంది. వుకోబ్రాతొవిచ్ లెక్క మనకు ముందుగానే చెబుతుంది, ఒళ్లు ఫలానా విధంగా కదిలితే ఆ కేంద్రం ఎక్కడికి వెళుతుందో. అది పాదం దాటేలా ఉంటే ఆ కదలిక పనికిరాదు, మార్చుకోవాలి.

ఇక్కడ కుర్రాళ్లు తరచూ ఒక ప్రశ్న వేస్తారు. చీలమండకు ఇంకా పెద్ద మోటారు పెడితే సరిపోదా అని. సరిపోదు. 60 కిలోల రోబో ఒంటికాలి మీద ఉంది, చీలమండ నుంచి బొటనవేలికి 15 సెంటీమీటర్లు ఉందనుకోండి. చీలమండ నేల మీద చూపగల టార్క్, అంటే తిప్పే బలం, మహా అయితే 90 న్యూటన్ మీటర్లలోపే. దానికి పదింతల మోటారు బిగించినా అంతకు మించి పనికిరాదు, మించితే మడమ లేస్తుంది. పరిమితి మోటారుది కాదు, పాదం పొడవుది.

ఈ లెక్కను నిజమైన యంత్రంలో పెట్టి పదేళ్ల పాటు ఓపిగ్గా సాధించింది హోండా కంపెనీ. 1986లో ఈ0 అనే ఉత్త కాళ్లతో మొదలుపెట్టారు. అడుగుకు 5 సెకన్ల దాకా పట్టేది. 1996 డిసెంబరులో పీ2 రోబోను లోకానికి చూపించారు. 182 సెంటీమీటర్ల ఎత్తు, 210 కిలోల బరువు. అది మెట్లెక్కుతుంటే చూసినవాళ్లు నమ్మలేకపోయారు. ఆ తర్వాత 2000లో 120 సెంటీమీటర్ల ఆసిమో వచ్చింది.

హోండా పద్ధతిలో నాకు ఎంతో నచ్చిన సంగతి అప్పు తీర్చడానికి వాళ్లు పెట్టుకున్న అంచెలు. మొదటిది, నేల కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉంటే పాదం కోణం మార్చి ఒత్తిడిని సర్దుకోవడం. అది చాలకపోతే రెండోది, ఒంటిని కావాలనే ఎక్కువ వేగంతో ఒక వైపు కదిలించడం. అప్పుడు ఒత్తిడి కేంద్రం వెనక్కి వస్తుంది. మూడోది, తర్వాతి పాదం దిగాల్సిన చోటునే మార్చుకోవడం. ఇన్ని ఉన్నా 2006 డిసెంబరులో టోక్యోలో ఒక ప్రదర్శనలో ఆసిమో మెట్లెక్కుతూ పడిపోయింది. ఆ వీడియో చూసి జనం నవ్వారు. నాకు మాత్రం చాలా బాధ కలిగింది. వేల మెట్లు సరిగ్గా ఎక్కిన యంత్రాన్ని లోకం ఆ ఒక్క మెట్టుతో గుర్తుపెట్టుకుంది.

నాకూ ఒక అనుభవం ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒక కాలేజీలో మా చిన్న రోబోను ప్రదర్శనకు తీసుకెళ్లాం. ల్యాబులో టైల్స్ నేల మీద వారాల తరబడి సరిచూసుకున్నాం, ఒక్కసారి కూడా పడలేదు. తీరా అక్కడికి వెళితే వేదిక మీద అతిథుల కోసమని నిర్వాహకులు జంపఖానా పరిచారు. తీయమని అడిగితే కుదరదన్నారు. రోబో మూడో అడుగుకే పక్కకు ఒరిగి పడింది, ఒక మోటారు పళ్లు విరిగాయి. ఆ రోజు మా పిల్లల మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి. రాత్రంతా టెన్షన్‌తో ఏం తప్పు జరిగిందో వెతికాం. తప్పు ప్రోగ్రాములో లేదు. పాదం దిగగానే కింద గుడ్డ అణిగింది. రోబో ఊహించిన క్షణానికి నేల తగల్లేదు, తగిలాక కూడా నేల కొద్దిగా కిందికి పోతూనే ఉంది. అది చూడటానికి రెండు మూడు మిల్లీమీటర్ల తేడా. వడ్డీతో కలిపి మూడు అడుగుల్లో పెద్ద అప్పయింది. అప్పటి నుంచి మా ల్యాబులో ఒక జంపఖానా, ఒక పరుపు ముక్క, కాస్త ఇసుక ఎప్పుడూ ఉంటాయి.

ఇక ముందుచూపు సంగతి. మన పల్లెవెలుగు బస్సులో కండక్టరును చూడండి. కిక్కిరిసిన బస్సులో రెండు చేతులతో టికెట్లు కొడుతూ, దేన్నీ పట్టుకోకుండా నిలబడతాడు. మనం పైనున్న కడ్డీ పట్టుకుని కూడా ఊగిపోతాం. ఆ దారిలో మలుపు ఎక్కడుందో, స్పీడ్ బ్రేకర్ ఎక్కడుందో ఆయనకు తెలుసు. బస్సు తిరగక ముందే ఒళ్లు ఒరిగి ఉంటుంది. తిరిగాక ఒరిగితే ఆలస్యం అయినట్టే.

జపాన్‌లోని త్సుకుబాలో ఏఐఎస్‌టీ అనే పరిశోధన సంస్థ ఉంది. అక్కడ షూజీ కజీతా 2003లో సరిగ్గా ఈ పనిని గణితంగా రాశారు. ఆయన ఇచ్చిన బొమ్మ చాలా అందమైనది. తేలికైన బల్ల ఒకటి ఊహించుకోండి, దాని కింద ఇంతంత చిన్న పాదం. బల్ల మీద ఒక బరువైన బండి అటూ ఇటూ తిరుగుతోంది. బండి బల్ల అంచుకు పోతే బల్ల తిరగబడాలి. కానీ అదే సమయంలో బండి తగినంత జోరుగా వేగం పెంచుకుంటే తిరగబడదు, ఆ తోపుడు బల్లను వెనక్కి నొక్కి ఉంచుతుంది. బల్ల కింది పాదమే రోబో పాదం, బండి దాని ఒళ్లు. రాబోయే దాదాపు రెండు అడుగులు ఎక్కడ పడతాయో ముందే తెలిస్తే, బండిని ఇప్పటి నుంచే ఎలా కదపాలో ఈ లెక్క చెబుతుంది. ఇవాళ్టికీ విద్యార్థులకు నేను మొదట చేయించే ప్రోగ్రాము ఇదే.

ఈ పద్ధతిలో నడిచే రోబోలు చాలావరకు మోకాళ్లు వంచుకునే నడుస్తాయి. లెక్క సులువుగా ఉండాలని గరిమనాభిని ఒకే ఎత్తులో ఉంచుతారు, మోకాలు పూర్తిగా చాచితే ఆ ఎత్తును అదుపులో పెట్టడం కష్టం. కానీ మోకాళ్లు వంచి ఉండటమంటే ఏమిటో బడిలో గోడకుర్చీ వేసినవాళ్లందరికీ తెలుసు. ఎక్కడికీ వెళ్లకపోయినా తొడలు మండిపోతాయి. రోబో మోటార్లకూ అంతే, బ్యాటరీ అలా కరిగిపోతుంది. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో ట్యాడ్ మెక్‌గీర్ అనే ఇంజినీరు 1990లో దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లాడు. మోటారు లేదు, కంప్యూటర్ లేదు. కాళ్ల పొడవు, బరువు, పాదం వంపు సరిగ్గా కుదిర్చాడు. కొద్దిపాటి వాలు మీద వదిలితే ఆ కాళ్లు వాటంతట అవే నడుచుకుంటూ దిగిపోయాయి. ఆ దారినే వెళ్లి కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు చదునైన నేల మీద నడిచే రోబోను చేశారు. ఒకే బరువును ఒకే దూరం మోయడానికి ఆసిమో ఖర్చు చేసే శక్తిలో దాదాపు పదహారో వంతు దానికి చాలని 2005లో ప్రకటించారు. మనిషి నడకకు అయ్యే ఖర్చూ ఇంచుమించు అంతే. దాన్ని ఎవరైనా పక్కకు తోస్తే మాత్రం పడిపోతుంది, అది వేరే సంగతి.

తోస్తే ఏం చేయాలి? వాన పడ్డాక పొలం గట్టు మీద నడిచినప్పుడు మీరేం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. కొద్దిగా తూలితే పాదంతోనే సర్దుకుంటారు. ఎక్కువ తూలితే చేతులు గిర్రున తిప్పుతారు, నడుము విరిచినట్టు వంచుతారు. అప్పటికీ కాకపోతే మడిలోకి కాలు వేస్తారు. గట్టు మీద పక్కకు కాలు వేసే వీలు లేదు కాబట్టే చేతులకు అంత పని పడుతుంది. మనిషి ఒంట్లోని ఈ మూడు ఉపాయాలనూ, చీలమండ, తుంటి, అడుగు, వైద్య పరిశోధకులు 1980లలోనే విడివిడిగా గుర్తించారు. వీటిలో అడుగే అన్నిటికన్నా బలమైనదని నా గట్టి నమ్మకం. పాదం పొడవు పరిమితి అని ఇందాక చెప్పాను కదా. అడుగు వేయడమంటే ఆ పరిమితినే తీసుకెళ్లి కొత్త చోట పెట్టడం.

అమెరికాలో మార్క్ రైబర్ట్ 1980లలో ఒంటికాలి రోబోను చేశాడు. అది ఆగితే పడుతుంది, అందుకే ఎగురుతూనే ఉండేది. ముందుకు పోయే వేగాన్ని అదుపు చేయడానికి అది చేసిందల్లా తర్వాతి సారి కాలు ఎక్కడ దించాలో ఎంచుకోవడమే. తొక్కుడు బిళ్ళ ఆడే పిల్లలు చేసేదీ ఇదే. ఆయనే 1992లో బోస్టన్ డైనమిక్స్ పెట్టాడు, అట్లాస్ అనే రెండు కాళ్ల రోబో అక్కడిదే. 2006లో అమెరికా పరిశోధకుడు జెర్రీ ప్రాట్ బృందం ఈ ఆలోచనను ఇంకా తేటగా చెప్పింది. ఒంటి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని 0.3తో హెచ్చించండి. మనిషంత ఎత్తుకు ఆ 0.3 సరిపోతుంది. గరిమనాభి కింద నుంచి అంత దూరంలో పాదం దించితే ఒళ్లు సరిగ్గా ఆ పాదం మీదికి వచ్చి ఆగుతుంది. దాన్ని క్యాప్చర్ పాయింట్ అంటారు.

ఎవరో తోశారు, వేగం సెకనుకు అర మీటరు వచ్చింది. 15 సెంటీమీటర్లు. పాదం పొడవులోపే, కాలు కదపకుండా నిలదొక్కుకోవచ్చు. అదే వేగం ఒక మీటరైతే 30 సెంటీమీటర్లు. ఇక ఏ మోటారూ ఆపలేదు, కాలు వేసి తీరాలి. ఇందులో నాకు అద్భుతంగా తోచేది ఇంకొకటుంది. ఆగాలనుకుంటే పాదం సరిగ్గా ఆ బిందువు మీద వేయాలి. నడక సాగాలనుకుంటే దానికి కాస్త ఇవతలే వేయాలి, అప్పుడు ఒళ్లు ఆ పాదాన్ని దాటి ముందుకు పడుతుంది, ఇంకో అడుగు అవసరమవుతుంది. అంటే మనం ప్రతి అడుగునూ కావాలనే కొంచెం తక్కువగా వేస్తున్నాం. అప్పు మొత్తం తీర్చేస్తే నడక ఆగిపోతుంది.

ఇంత తెలిసీ 2015లో ఏం జరిగిందో చెప్పాలి. ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత మనుషులు వెళ్లలేని చోటికి రోబోలను పంపాలనే ఉద్దేశంతో అమెరికా రక్షణ శాఖకు చెందిన డార్పా ఒక పోటీ పెట్టింది. జూన్‌లో కాలిఫోర్నియాలోని పొమోనాలో తుది పోటీ. బండి నడపాలి, దిగాలి, తలుపు తీయాలి, వాల్వు తిప్పాలి, శిథిలాలు దాటాలి, మెట్లెక్కాలి. ప్రపంచంలోని మేటి రోబోలు అక్కడ ఒకదాని తర్వాత ఒకటి పడిపోయాయి. మెట్ల మీద కన్నా తలుపు దగ్గర, వాల్వు దగ్గర పడినవి చూస్తే విషయం అర్థమవుతుంది. చెయ్యి దేన్నైనా తాకగానే బయటి నుంచి ఒక తోపుడు వస్తుంది, లెక్కలో అది లేదు. 20 లక్షల డాలర్ల బహుమతి గెలుచుకుంది దక్షిణ కొరియాలోని కైస్ట్ విశ్వవిద్యాలయం వాళ్ల రోబో హ్యూబో. అది మోకాళ్ల మీద కూర్చోగలదు, అక్కడ చక్రాలున్నాయి. నడక అవసరం లేనప్పుడల్లా కూర్చుని దొర్లుకుంటూ వెళ్లింది. కొందరు అది మోసం అన్నారు. నాకు అది నిజాయితీగా తోచింది. తన కాళ్ల మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో తెలిసిన బృందం అది.

ఈ పదేళ్లలో దారి మారింది. ఇప్పుడు ఎక్కువ మంది నడకను లెక్కగా రాయడం లేదు, నేర్పుతున్నారు. కంప్యూటర్ లోపల వేల నకలు రోబోలను ఒకేసారి నడిపిస్తారు. పడితే శిక్ష, నిలబడితే బహుమతి. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్లు నాలుగు కాళ్ల రోబోకు ఇలా చదునైన నేల మీద నడకను నాలుగు నిమిషాల్లోపే నేర్పి చూపారు. బయటి ప్రపంచంలో అది పనికి రావాలంటే నేర్పేటప్పుడే ఇబ్బంది పెట్టాలి. ఒకసారి నేల జారుడుగా, ఒకసారి బరువు ఎక్కువగా, ఒకసారి మోటారు నీరసంగా, మధ్యమధ్యలో ఊహించని తోపులు. మా జంపఖానా పాఠం ఇప్పుడు అందరి పాఠం అయింది. ఓరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్యాసీ అనే రెండు కాళ్ల రోబో ఇలా నేర్చుకునే కెమెరా లేకుండా మెట్లెక్కింది, 2022లో 100 మీటర్లు 24.73 సెకన్లలో పరుగెత్తింది. నిలబడి మొదలుపెట్టి, పరుగెత్తి, పడకుండా మళ్లీ నిలబడాలన్నది షరతు. పరుగు కన్నా ఆ మొదలూ చివరా కష్టమని ఆ బృందమే చెప్పింది.

ఇది వింటే నాకు ఇంకో లెక్క గుర్తొస్తుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో క్యారన్ అడోల్ఫ్ బృందం 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటుంటే గమనించి 2012లో రాసింది. సగటున గంటకు 2,368 అడుగులు, 17 సార్లు పడటం. మన పిల్లలూ కంప్యూటర్ లోపలి రోబోల్లాగే పడి పడి నేర్చుకుంటారు. కాకపోతే పిల్లలకు రెండో బతుకు లేదు, అయినా గంటకు పదిహేడు సార్లు పడి లేస్తారు.

నేర్చుకున్న నడక లెక్కల నడక కన్నా గట్టిదని ఒప్పుకుంటాను. నాకు ఒకటే దిగులు. లెక్కతో నడిచే రోబో పడితే ఎందుకు పడిందో కూర్చుని చెప్పగలను. నేర్చుకున్నది పడితే చాలాసార్లు చెప్పలేను. 2025 ఏప్రిల్ 19న బీజింగ్‌లో మనుషుల పక్కనే వేరే దారిలో 21 రోబోలతో హాఫ్ మారథాన్, అంటే దాదాపు 21 కిలోమీటర్ల పరుగు, పెట్టారు. గెలిచిన త్యెన్‌గాంగ్ అల్ట్రా 2 గంటల 40 నిమిషాల 42 సెకన్లలో పూర్తి చేసింది, దారిలో మూడుసార్లు బ్యాటరీ మార్చారు. మొదలుపెట్టే గీత దగ్గరే పడిపోయినవీ ఉన్నాయి. రెండూ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద. మన దగ్గర ఇస్రో సిద్ధం చేసిన వ్యోమమిత్రకైతే ఈ బాధ లేదు. శ్రీహరికోట నుంచి నింగికి పంపడానికి చేసిన అర్ధ మానవాకార రోబో అది, కాళ్లే లేవు. భారరహిత స్థితిలో పడటమనేదే ఉండదు కదా.

ఇక పడటం గురించి. ఎంత చేసినా ఎప్పుడో ఒకసారి పడుతుంది. జపాన్ వాళ్లు 2002 నుంచే జూడోలో పడే పద్ధతిని రోబోలకు నేర్పడం మొదలుపెట్టారు. ఇక ఆపుకోలేనని తెలియగానే మోకాళ్లు ముడిచి, గరిమనాభిని కిందికి దించి, మెత్తటి చోటు ముందు నేలకు తగిలేలా పడటం. కానీ యంత్రాన్ని కాపాడటం ఒకటి, పక్కనున్న మనిషిని కాపాడటం ఒకటి. ఫ్యాక్టరీలో ప్రతి యంత్రానికీ ఎర్ర బటన్ ఉంటుంది. ప్రమాదం అనిపిస్తే దాన్ని నొక్కుతారు, కరెంటు పోతుంది, యంత్రం ఆగుతుంది. నూరేళ్లుగా భద్రత అంటే అదే. రెండు కాళ్ల రోబోకు కరెంటు తీసేస్తే ఆగదు, మీద పడుతుంది. అది నిలబడి ఉందంటే ప్రతి క్షణం మోటార్లు పనిచేస్తున్నట్టు. అంటే పాత ఎర్ర బటనే ప్రమాదం. దీనికోసం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 25785-1 పేరుతో ప్రత్యేకంగా ప్రమాణం తయారు చేయిస్తోంది. వెనక్కి పల్టీ కొట్టే రోబో వీడియోలు కోట్ల మంది చూస్తారు. ఆ ప్రమాణం కోసం కూర్చుని వాదించుకునేవాళ్లను ఎవరూ చూడరు. నా దృష్టిలో రోబో మన ఇంటి గడప దాటి లోపలికి రావాలా వద్దా అన్నది తేల్చేది వాళ్లే.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. అడగండి.

(తొమ్మిదో తరగతి అమ్మాయి: సార్, ఇంత కష్టం ఎందుకు? నాలుగు కాళ్లో చక్రాలో పెడితే అయిపోతుంది కదా?)

మంచి ప్రశ్న అమ్మా. చదునైన గోడౌనులో నన్నడిగితే చక్రాలే పెట్టమంటాను. కొండల్లో నాలుగు కాళ్లు మేలు. రెండు కాళ్లు ఎక్కడ కావాలంటే, మనిషి కొలతలతో కట్టిన చోట. ఇరుకు మెట్లు, గడపలు, అటక మీదికి చేతులు చాచాల్సిన వంటిల్లు. మన ఇళ్లను రోబో కోసం కూల్చి కట్టలేం. అలాగని ప్రతి పనికీ మనిషి ఆకారం పెట్టాలనేవాళ్లతో నేను ఏకీభవించను.

(వెనక వరస నుంచి ఒక పెద్దావిడ: బాబూ, మా ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ వైపు బలహీనమైంది. నాకా ఓపిక లేదు. ఆయన చెయ్యి పట్టుకుని నడిపించే రోబో వస్తుందా?)

ఇప్పుడున్నవాటిని ఆ పనికి పెట్టొద్దమ్మా. ఆయన దాని మీద ఒరిగితే ఆయన బరువు కూడా దాని లెక్కలోకి రావాలి, అది తూలితే ఇద్దరూ పడతారు. అలాంటిది వచ్చిందని ఎవరైనా చెప్పినా, మీ డాక్టరును అడగకుండా నమ్మకండి. కానీ ఈ విద్య మనుషులకు పనికి రావడం ఇప్పటికే మొదలైంది. నేను చెప్పిన క్యాప్చర్ పాయింట్ లాంటి కొలతనే నెదర్లాండ్స్‌లో హోఫ్ అనే శాస్త్రవేత్త 2005లో మనుషుల నడక కోసం రాశారు. కృత్రిమ కాలు ఉన్నవాళ్లు ఆ కాలిని కొంచెం దూరంగా వెడల్పుగా ఎందుకు వేస్తారో దానితో తెలిసింది. అది వాళ్ల తప్పు కాదు, పడకుండా వాళ్లు పెట్టుకున్న జాగ్రత్త.

మీ విషయంలో, ఫిజియోథెరపీ వాళ్లు చూపించినట్టే చేయండి, ముందు మాట వాళ్లదే. సాధారణంగా వాళ్లు చెప్పేది, బలహీనమైన వైపు కాస్త వెనగ్గా నిలబడి, చెయ్యి లాగకుండా నడుము దగ్గర బెల్టు పట్టుకోమని. ఎందుకో ఇందాక గోడ దగ్గర పిల్లలను చూశారు కదా. ఆయన కుడి కాలు ఎత్తాలంటే ముందు బరువు ఆ ఎడమ కాలి మీదికి చేరాలి. చెయ్యి పట్టి లాగితే నడుము అటు జరగలేదు, గోడ అడ్డం ఉన్నట్టే. కాబట్టి తొందరపెట్టకండి. నడుము ఎడమ వైపు జరిగి, ఆయన అక్కడ కుదురుకున్నట్టు మీ చేతికి తెలుస్తుంది. అప్పుడు చెప్పండి, కుడి కాలు ఎత్తమని.